మూడో కంచం

భుజంగరావు మాస్టారిని ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పిన దాఖలా లేదు. "కూర్చో" అనేవారు. కూర్చున్నవాడికి ఆ పూటే జవాబు దొరకొచ్చు, నెలకి దొరకొచ్చు, అసలు దొరక్కపోనూ వచ్చు. ఆ ఊరి శాఖా గ్రంథాలయానికి ఆయన గ్రంథపాలకులు. సాయంత్రాలు కథలు రాసేవాళ్ళు నలుగురైదుగురు ఆయన బల్ల చుట్టూ చేరేవారు. ఆయన తన జన్మలో ఒక్క కథా రాయలేదు గానీ, వాళ్ళు చదివి వినిపిస్తుంటే ఎక్కడ అబద్ధం దొర్లిందో అక్కడ ఠక్కున చెయ్యెత్తి ఆపేవారు. అందుకే ఆయన వాళ్ళకి గ్రంథపాలకుడు కాకుండా మాస్టారయ్యారు.

ఆ గ్రంథాలయంలో కొత్త నవలలకి రెండు నియమాలుండేవి. బీరువాలోకి వచ్చిన మొదటి పక్షం రోజులూ వాటిని ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళకూడదు, అక్కడే బెంచీ మీద కూర్చుని చదవాలి. లేకపోతే మొదట తీసుకెళ్ళినవాడి ఇంట్లోంచి అది వాళ్ళ చిన్నత్తయ్య ఇంటికీ, అక్కణ్ణించి ఆవిడ తోడికోడలి ఇంటికీ తిరిగి, అట్టలూడి గానీ వెనక్కి రాదు. రెండోది, కొత్త నవల ముట్టుకునే ముందు కలం ఇచ్చెయ్యాలి. మాస్టారి బల్ల మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండేది, అందరి కలాలూ అందులోకే. ఆ ఊరి పాఠకులు నవల చదివి ఊరుకునే రకం కాదు, దానితో పోట్లాడతారు. కథానాయిక అత్తవారింటికి తిరిగి వెళ్ళిపోతే "దీనికి బుద్ధి లేదు" అని పక్కనే రాస్తారు. ఒక మహానుభావుడైతే మొదటి పేజీలోనే "చివరికి వీడు చస్తాడు, చదవకండి" అని రాసి పెట్టాడు. డబ్బా అప్పుడు వచ్చింది. తన దగ్గర చేరే రచయితల కలాలు మాత్రం మాస్టారు ఎప్పుడూ అడగలేదు. కలం లేనిదే వాళ్ళకి ఊపిరాడదని జాలిపడ్డారు కాబోలు.

ఆ రచయితల్లో పరాంకుశం ఒకడు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. ఒకరోజు సాయంత్రం అతను వచ్చేసరికి మాస్టారు కొత్తగా వచ్చిన నవలల కట్ట విప్పి ఒక్కొక్కదాని మీదా ముద్ర కొడుతున్నారు. ఆ కట్టలో ఒక అట్ట చూడగానే పరాంకుశం అక్కడే ఆగిపోయాడు. రాసింది 'కువలయ' అని ఉంది ఆ అట్ట మీద. కువలయ అంటే అతనే. ఆడపేరుతో రాస్తే నవలలు బాగా పోతాయని ఎవరో చెబితే పెట్టుకున్నాడు. మాస్టారికి చూపించకుండా, ఎవరికీ చెప్పకుండా బెజవాడలో అచ్చుకిచ్చాడు. తన పుస్తకం నలుగురి చేతుల్లోకీ వెళ్ళాలని కోరుకోని రచయిత ఉండడు. పరాంకుశమూ కోరుకున్నాడు, ఒక్క తన ఊరు తప్ప.

"మాస్టారూ," అన్నాడు, "అచ్చయిపోయిన మాటని వెనక్కి తీసుకునే దారి ఏదైనా ఉందంటారా?"

మాస్టారు ఆ పుస్తకం మీద కూడా ముద్ర కొట్టారు. సిరా ఆరేదాకా పేజీ తెరిచి పట్టుకున్నారు. "రేపు వీటిని బీరువాలో పెడుతున్నాను. వచ్చి కూర్చో" అన్నారు.

పరాంకుశం భయం ఊరి గురించి కాదు, ఒక్క మనిషి గురించి. ఆవిడ వకుళమ్మ, అతని వదిన. అతను ఇంకా నిక్కర్లు తొడుక్కునే రోజుల్లో అన్నగారు ఇల్లొదిలి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మిషను కుట్టి అత్తగారినీ మరిదినీ పోషించింది వకుళమ్మే. తల్లి పోయాక ఆ ఇల్లంటే అతనికి వదినే. పెళ్ళయి వేరే వీధిలో కాపురం పెట్టినా ఆదివారం మధ్యాహ్నం భోజనం మాత్రం అక్కడే. ఎక్కడ కనిపించినా వెళ్ళబోతూ ఆవిడ ఒకే మాట అనేది: "ఆదివారం పెందలాడే రా నాయనా." ఆ మాట వినకుండా అతనికి వారం గడిచిన గుర్తు లేదు.

ఆ వదిన కథే అతను నవలగా రాశాడు. మొగుడు వదిలేసి పోయిన ఆడవాళ్ళు ఊరికొకరు ఉంటారు, అంతవరకూ ఎవరి కథ అనైనా అనుకోవచ్చు. కానీ అందులో కంచం ఉంది. అన్న వెళ్ళిపోయిన తర్వాత కూడా వకుళమ్మ ప్రతి రాత్రీ మూడో కంచం పెట్టేది. అత్తగారికొకటి, పరాంకుశానికొకటి, రాని మనిషికొకటి. అన్నం వడ్డించి పైన మూత పెట్టేది. నిద్ర ముంచుకొస్తుంటే ఆ కంచం వంకే చూస్తూ పడుకునేవాడు పిల్లవాడు. పెద్దయ్యాక నవలలో దాని చుట్టూ ఒక అధ్యాయమే కట్టాడు. ప్రతి రాత్రీ భర్త అడుగుల చప్పుడు కోసం చెవులప్పగించి, పొద్దున్నే ఆ చద్దన్నాన్ని కన్నీళ్ళతో ఆవుకి పెట్టే ఇల్లాలు. రాస్తూ అతనే ఏడ్చాడు. ఆ కంచం సంగతి తనకీ వదినకీ తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆవిడ ఆ పేజీ దాకా వచ్చిందంటే రాసిందెవరో తెలిసిపోతుంది. నా గుట్టు వీధిలో పెట్టావా అని అడిగితే ఏం చెప్పగలడు? అడక్కుండా ఊరుకుంటే అది ఇంకా భరించలేడు. వకుళమ్మ శుక్రవారం శుక్రవారం గ్రంథాలయానికి వచ్చి, వచ్చిన ప్రతి కొత్త నవలా చదివే మనిషి.

మర్నాడు అతను ఆఫీసుకి సెలవు పెట్టి, తలుపులు తీసే వేళకే వచ్చాడు. బీరువాలోంచి తన నవల తీసుకుని కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. ఇంటికి పట్టుకుపోవడానికి నియమం ఒప్పుకోదు. చదవడానికి ఒప్పుకుంటుంది కదా! సాయంత్రం తలుపులు మూసేదాకా అది చేతిలోంచి దించలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పక్షం రోజులు ఇలా నెట్టుకొచ్చేస్తే, ఆ తర్వాత తన కార్డు మీదే ఇంటికి తీసుకుపోయి అటకెక్కించెయ్యొచ్చు. తను రాసిన నవలని తనే పొద్దస్తమానం చదువుతూ కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష రచయితకి ఇంకొకటి ఉండదు. అదీ అనుభవించాడు. మాస్టారు చూస్తూనే ఉన్నారు. మూసే వేళకి చెయ్యి చాపి పుస్తకం తీసుకుని బీరువాలో పెట్టేవారు, అంతే.

అయితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్న సామెత ఊరికే పుట్టలేదు. ఎదుటి బెంచీలో రోజూ పేపరు చదివే రిటైర్డు రైల్వే గార్డు దానియేలు గారు ఉండబట్టలేక అడిగేశారు.

"ఏవండీ పరాంకుశం గారూ, అంత బాగుందా ఏంటండీ అది? వచ్చిన కాణ్ణించీ చూస్తున్నా, కాఫీకి కూడా లేవట్లేదు మీరు."

"నిదానంగా చదువుతున్నానండీ."

"చదివిందే మళ్ళీ చదువుతున్నారు. నేను చూశానుగా. మీరయ్యాక నాకేనండోయ్, ఇంకెవరికీ ఇవ్వొద్దు."

ఆ సంగతి దానియేలు గారు ఇంట్లో చెప్పారు, వాళ్ళావిడ నీళ్ళ పంపు దగ్గర చెప్పింది. పరాంకుశం గారు ఆఫీసు మానేసి మరీ చదువుతున్న నవల అంటే అదేదో చూడాల్సిందేనని ఊళ్ళో నవలలు చదివే వాళ్ళంతా అనుకున్నారు. ఎన్ని ప్రకటనలు వేయించినా రాని పేరు కువలయకి అలా వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి వకుళమ్మ రానే వచ్చింది. కళ్ళజోడు చీర చెంగుతో తుడుచుకుని, కలం లేకపోయినా అలవాటుగా మాస్టారి డబ్బా వంక ఒకసారి చూసి, తిన్నగా కిటికీ దగ్గరికి నడిచింది.

"ఒకసారి ఇలా ఇవ్వు నాయనా. నువ్వు అన్నం కూడా మానేసి చదువుతున్నావట. నేనూ చూస్తాను."

ఆవిడ అడిగింది లేదనడం అతనికి చేతకాదు, ఎన్నడూ అనలేదు. ఇచ్చేశాడు.

వకుళమ్మ గోడవార కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ చదివేటట్టే, పెదవులు కొద్దిగా కదుపుతూ. పరాంకుశం ఎదురుగా పేపరు తెరుచుకున్నాడు గానీ అందులో ఒక్క అక్షరం తలకెక్కలేదు. ఆవిడ ఎన్ని పేజీలు తిప్పిందో అంచనా వేసుకుంటూ కూర్చున్నాడు. ఎండ కిటికీలోంచి బల్ల మీదికి జరిగింది. ఒకచోట ఆవిడ పెదవులు ఆగిపోయాయి. చదివిన పేజీనే మళ్ళీ చదివింది. తర్వాత తలెత్తకుండా చివరిదాకా చదివి, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎలా ఉందమ్మా?" అన్నారు దానియేలు గారు ఆత్రంగా.

"బాగానే రాశాడండీ" అంది వకుళమ్మ.

"రాశాడంటారేంటమ్మా? కువలయ ఆడమనిషి కదా!"

"పేరు ఆడదే. రాసింది మగాడు." పరాంకుశం వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని అతను తర్వాత చాలా రోజులు అనుకున్నాడు. "ఇలాంటి కంచం ఒకటి నాకు తెలుసు నాయనా. అది మొగుడి కోసం కాదు. ఆవిడ అతని కోసం ఒక్క రాత్రి కూడా ఎదురుచూడలేదు. మండు వేసవిలో దుప్పటి కూడా సర్దుకుని వెళ్ళినవాడు తిరిగొస్తాడా? ఆ రోజే తెలుసు ఆవిడకి. కంచం అత్తగారి కోసం. కొడుక్కి వడ్డిస్తే గానీ ఆ ముసలావిడ ముద్ద ముట్టేది కాదు."

పరాంకుశం పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆవుకి పెట్టిందని రాశాడు. ఆ ఇంట్లో ఆవెక్కడిది?" వకుళమ్మ పుస్తకం అట్ట మీద చెయ్యి వేసి నిమిరింది. "నాలుగు కంచాలకి సరిపడా బియ్యం ఉండేవి కావు ఆ ఇంట్లో. ముసలావిడా పిల్లాడూ తిని నిద్రపోయాక, ఆ మూడో కంచంలో అన్నమే కోడలు తినేది. అదే ఆవిడ భోజనం. పిల్లాడు నిద్రపోయేవాడు, వాడికేం తెలుసు? కానీ పెద్దవాడయ్యాడు కదా. ఏ రోజైనా అడిగి ఉంటే చెప్పేదే."

ఆవిడ లేచి పుస్తకం దానియేలు గారి చేతిలో పెట్టింది. "చదవండి, బాగుంటుంది" అంది. చెప్పులు తొడుక్కుని, చెంగు భుజం మీదుగా కప్పుకుని మెట్లు దిగిపోయింది. గుమ్మం దగ్గర ఆగుతుందేమోనని పరాంకుశం చూశాడు. ఆదివారం రమ్మనే మాట కోసం చూశాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

చిన్నప్పుడు ఆ కంచం వంక చూస్తూ నిద్రపోయిన రాత్రులన్నీ ఒక్కసారిగా అతని మీద పడ్డాయి. తనకి మారు వడ్డించిన రాత్రులు కూడా. ఆ మారు అన్నం ఎవరి వాటాలోంచి వచ్చిందో ఇన్నేళ్ళలో అతను ఒక్కసారీ ఆలోచించలేదు. మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ పుస్తకం బీరువాలోంచి తీసెయ్యండి. అంతా తప్పు. మళ్ళీ రాస్తాను, ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను" అంటూ అలవాటుగా జేబులోని కలం మీద చెయ్యి వేసుకున్నాడు.

మాస్టారు దానియేలు గారి వైపు చూశారు. ఆయన అప్పటికే మొదటి అధ్యాయంలో మునిగిపోయి, కళ్ళజోడు ముక్కు మీదికి జారినా ఎగదోసుకోవడం లేదు. ఆ పుస్తకాన్ని ఇప్పుడు ఎవరూ తీయలేరు. మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూశారు. వకుళమ్మ మలుపు తిరుగుతోంది.

"పొయ్యి వెలిగించే వేళ. ఆవిడ వంటింట్లోనే ఉంటుంది, వెళ్ళు" అన్నారు.

పరాంకుశం గుమ్మం వైపు నడిచాడు. మాస్టారు బిస్కెట్ల డబ్బా మూత తీసి, దాన్ని బల్ల అంచుకి జరిపారు.

"ఆ కలం ఇందులో పెట్టి వెళ్ళు."