తీగ తీసినా ఆరని దీపం

వాగు పొంగితే కూత పెట్టే పెట్టె తయారుచేసే పని విజిత మీద పడింది. నడివాగులో ఒక బండ మీద దాన్ని బిగించి వచ్చేస్తారు. వానలు మొదలైతే ఇక అక్కడికి మనిషి పోలేడు. మధ్యలో బ్యాటరీ అయిపోయిందా, దిగువన గొర్రెల కాపరుల గుడిసెలకు కబురు అందదు.

పెట్టెను నడిపే మైక్రోకంట్రోలర్ చిప్ ఎంత కరెంటు తాగుతుందో కొలిచి చూస్తే, కంపెనీవాళ్ళు రాసినదాంట్లో సగం కూడా లేదు. విజిత ఉబ్బితబ్బిబ్బయింది. చిన్న బ్యాటరీ చాలని తేల్చేసి, కర్నూలులో తనకు పని నేర్పే ఉస్తాద్ గౌస్ దగ్గరికి పెట్టె పట్టుకొచ్చింది.

"ప్రోగ్రాం అంత పొదుపుగా రాశాను ఉస్తాద్," అంది. కళ్ళు కాస్త నెత్తికెక్కే ఉన్నాయి లెండి.

ఉస్తాద్ పెట్టెలోకి తొంగిచూశాడు. "మీటర్ యాడ పెట్టినావు బేటీ?"

"చిప్‌కి కరెంటు వచ్చే తీగలో. దానికి ఆ ఒక్క దారే కదా."

"పక్కనున్న ఇది?"

"ఆసిలేటర్. అది కరెంటు ఇవ్వదు, చిప్ లయ తప్పకుండా తాళం కొడుతుంది, అంతే. దాని ఖర్చు కంపెనీ లెక్క చూసి కలిపాను."

చిప్ పనిచేస్తున్నంతసేపూ పెట్టెలో ఒక ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది. ఉస్తాద్ పట్టకారుతో చిప్ కరెంటు తీగ పట్టుకుని ఊడలాగేశాడు.

దీపం ఆరలేదు.

విజిత చూసింది. తీగ ఉస్తాద్ చేతిలోనే ఉంది. మీటర్ సున్నా చూపిస్తోంది. దీపం మాత్రం కాస్త మసకగా, లయ తప్పకుండా మిణుకుతూనే ఉంది. తను రాసిన ప్రోగ్రామే, తను అతికిన చిప్పే. అయినా చేతులు జోడించాలనిపించింది.

"దేంతో బతుకుతోంది ఉస్తాద్?" గొంతు తగ్గించి అడిగింది.

ఆయన ఆసిలేటర్ నుంచి చిప్‌కి తాళం మోసుకొచ్చే సన్నతీగ తీశాడు. దీపం ఆరిపోయింది. మళ్ళీ తగిలించాడు. దీపం వెలిగింది.

"నువ్వు కొలిచింది అది అడిగి తీసుకున్నది," అన్నాడు. "అడక్కుండా ఈ తాళం తీగ వెంట జారి అందింది కొలవలేదు."

విజిత ఊడిన తీగ తగిలించి, ఈసారి మీటర్‌ను బ్యాటరీ దగ్గరే, చిప్‌కీ ఆసిలేటర్‌కీ తీగలు రెండుగా చీలకముందే పెట్టింది. అంకె చూసింది, తను వేసుకున్న లెక్కకు బాగా ఎక్కువ. చిన్న బ్యాటరీని తనే విప్పి పక్కన పెట్టింది.