సింగారికి తీసిన దిష్టి

నిమ్మతోటలో కోతలు అయిపోయాయి. కూలీలు రావడం మానేశారు. ఇక తోటలో మిగిలింది కాపలా ఆవిడ, ఆమె పాక, పాక వెనకాల నాలుగు ప్రాణులు.

బొల్లిగేదె ఐదుసార్లు ఈనింది. మాట తక్కువ. మైల ఎద్దు మంచి బలశాలి, ఎవరేం చెప్పినా నమ్ముతాడు. బోడిమెడ కోడిపెట్ట నోరు మూయదు. నాలుగోది సింగారి, తోటకు కాపలా కుక్క. దాని అరుపుకు జడిసి ముంగిసలు కూడా కంచె దాటేవి కావు.

ఆ సింగారి ఆరు పిల్లల్ని కన్నది.

మొదటి వారం బాగానే ఉంది. రెండో వారానికి పక్కటెముకలు తేలాయి. ఆ తర్వాత లేచి నిలబడితే వెనక కాళ్ళు వణికేవి. ఆరు నోళ్ళు ఒకేసారి పట్టుకుని లాగుతుంటే కళ్ళు మూసుకుని పడి ఉండేది.

“ఏమ్మే సింగారీ, నీ ఎముకలు లెక్కపెట్టచ్చు,” అంది కోడి. “ఈ పక్క తొమ్మిది దాకా లెక్కపెట్టాను. ఆపైన నాకు అంకెలు రావు.”

“ఆరుగురికి పాలివ్వడమంటే మాటలా?” అంది గేదె. “తిండి చాలట్లేదు, అంతే. రెండింతలు పెడదాం. నిలదొక్కుకుంటుంది.”

కాపలా ఆవిడ పొద్దున కాస్త గంజి పోసేది. సాయంత్రం అన్నం, చేప తలకాయలు కలిపి మూకుట్లో పెట్టేది. గేదె తన తవుడులో సగం ఇస్తానంది. కోడి రోజుకో గుడ్డు ఇస్తానంది.

“నీకు కష్టం కదే,” అంది సింగారి.

“కంచె దాటిపోయిన నా పిల్లను ముంగిస నోట్లోంచి లాక్కొచ్చింది ఎవరు? నోరు మూసుకుని తిను.”

అప్పుడు కంచె అవతల ఎవరో దగ్గారు. నక్క.

“మీ మాటలు విని ఆగలేకపోయానమ్మా,” అన్నాడు. “ఎంతైనా కుక్కలూ నక్కలూ ఒక ఇంటివాళ్ళం.”

“ఇన్నాళ్ళూ ఈ చాయలకే రాలేదే బాబాయ్?” అంది కోడి. “సింగారంటే భయమా?”

“భయం కాదు తల్లీ, మర్యాద.” నక్క ముళ్ళ సందులోంచి సింగారిని కిందికీ పైకీ చూశాడు. “ఇది తిండి లేక చిక్కిపోవడం కాదు. దిష్టి. ఆరు కూనలు పుట్టి ఆరూ బతికాయంటే లోకం కళ్ళు ఊరుకుంటాయా?”

ఎద్దు గట్టిగా తలూపాడు. “నిజమే బాబాయ్. మొన్న నా కొమ్ములు బాగున్నాయని ఎవరో అన్నారు. మర్నాడే ఒకటి నొప్పెట్టింది.”

“అది నువ్వు గోడను పొడిచినందుకు,” అంది కోడి.

నక్క అదేమీ విననట్టే చెప్పుకుపోయాడు. సాయంత్రం పెట్టే ముద్ద, గుడ్డు, చేప తల, ఏదీ వదలకుండా సింగారి చుట్టూ మూడుసార్లు తిప్పాలి. తీసుకెళ్ళి ఈశాన్యం మూల కంచె అవతల పెట్టాలి. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు. చూస్తే చూసినవాళ్ళకే చుట్టుకుంటుంది.

“మరి తల్లి ఏం తినాలి?” అంది గేదె.

“పొద్దున గంజి తేట తాగొచ్చు. బాలింతకి పథ్యం ఉండాలమ్మా, నీకు తెలియంది ఏముంది?” నక్క గొంతు తగ్గించాడు. “దిష్టి తగిలిన తిండి తల్లి తిన్నదంటే అది పాలల్లోకి దిగుతుంది. పాలల్లోంచి పిల్లల్లోకి. ఆపైన నేను చెప్పలేను.”

చెప్పనక్కర్లేకపోయింది. సింగారి అప్పటికే పిల్లలను కాళ్ళ మధ్యకు లాక్కుంది.

“నాకొద్దు. నేను తినను. తిప్పి పారేయండి.”

గేదె ఏదో అనబోయింది. సింగారి మొహం చూసి ఊరుకుంది.

రోజూ పొద్దు వాలుతుండగా ఎద్దు ఆ మూకుడును నోట కరుచుకుని సింగారి చుట్టూ మూడుసార్లు తిరిగేవాడు. కంచె అవతల పెట్టి, మెడ బిగించుకుని, తిన్నగా ముందుకే చూస్తూ వచ్చేవాడు. పొద్దున వెళితే మూకుడు తళతళలాడుతూ ఉండేది.

“చూశారా,” అనేవాడు ఎద్దు. “ఆ దిష్టి ఎంత ఆకలి మీదుందో!”

ఎనిమిదో రోజుకు సింగారి లేవడం మానేసింది. కడగొట్టు కూన పట్టుకున్న చన్ను వదిలేసి ఏడ్చింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ వదిలింది.

“పాలు రావట్లేదక్కా,” అంది సింగారి.

“తినవే తల్లీ,” అంది గేదె.

“తింటే వీటికేమన్నా అయితే?”

“తినకపోతే అవదా?”

సింగారి కూనను నాకుతూ ఉండిపోయింది. నాలుక కూడా ఎండిపోయింది.

గేదె ఆ రోజు గడ్డి ముట్టలేదు. మొదటిరోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఐదు ఈతలు ఈనిన తను, బాలింతకు ఏం కావాలో తెలిసిన తను, ఎవరో దారిన పోయేవాడు చెబుతుంటే నోరు కట్టుకుని కూర్చుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం ఎద్దు వెంట కోడి కూడా బయల్దేరింది. “తొమ్మిది గుడ్లు ఇచ్చాను. ఎక్కడికి పోతున్నాయో ఆ చోటన్నా చూస్తాను.”

మూకుడు పెట్టారు. వెనుదిరిగారు. పది అడుగులు వేశాక కోడి ఆగిపోయింది. తర్వాత ఒక్క పరుగున పాక చేరింది.

“వెనక్కి చూశావా ఏమిటే!” ఎద్దు వణికిపోయాడు.

“నేనెందుకు చూస్తాను? నా తల ముందుకే ఉంది. కళ్ళు రెండు పక్కలకీ ఉంటే నన్నేం చేయమంటావు? దేవుడు పెట్టిన చోట ఉన్నాయి.”

“ఏం కనిపించింది?” అంది గేదె.

“బాబాయి కనిపించాడు. నా గుడ్డు కనిపించింది. తర్వాత బాబాయి ఒక్కడే కనిపించాడు.” కోడి గేదె పక్కకు జరిగింది. “మూతి నాక్కుంటూ అనుకుంటున్నాడక్కా. ఇంకో నాలుగు రోజులు, తల్లి ఇక లేవదు, ఆపైన ముద్దలెందుకు, కూనలే ఆరున్నాయి అని.”

ఎద్దు నేలను ఒక్క తన్ను తన్నాడు. “ఇప్పుడే వెళ్ళి వాడి పొట్ట చీలుస్తాను.”

“ఆగు. నువ్వు వెళితే వాడు పారిపోతాడు. సింగారి గుండెల్లో వాడు పెట్టిన భయం మాత్రం పారిపోదు. నువ్వు చెప్పినా, నేను చెప్పినా అది తినదు.” గేదె కాసేపు నెమరు వేసింది. “దాని కళ్ళతో అది చూడాలి.”

పదో రోజు ఎద్దు కంచె దగ్గరికి వెళ్ళి పిలిచాడు. “బాబాయ్, ఈ పూట పెద్ద దిష్టి తీద్దామని మా గేదక్క అంటోంది. నాకు చేతకాదు. మీ చేతుల మీదుగా జరిగితే మంచిది. రెండు గుడ్లు, ఇంత పెద్ద చేప తలకాయ, అన్నంలో కాస్త పెరుగు కూడా ఉంది.”

“పెరుగు కూడానా?” అన్నాడు నక్క. మరి మర్యాద అడ్డం రాలేదు. ఎద్దు తడిక తీయగానే లోపలికి వచ్చేశాడు.

నిమ్మకాయలు కోసే బుట్ట ఒకటి సిద్ధంగా ఉంది. అందులో ఆకు పరిచి తిండి సర్దారు. గేదె ముందే సింగారి చెవిలో ఒక మాట వేసింది. “కళ్ళు పూర్తిగా మూయకు. ఏం కనిపించినా అరవకు. వాడు కదిలితే వాడి వెనకాల నడు. ఆకలేస్తే తిను.” సింగారి వింది. నమ్మినట్టు లేదు.

“అందరూ కళ్ళు మూసుకోండి,” అన్నాడు నక్క. “చివరిదాకా ఎవరూ తెరవద్దు. వెనక్కి చూడద్దు. దిష్టి తీసేవాడికీ అదే నియమం. తలతిప్పితే అంతా ఎదురుతిరుగుతుంది.”

అందరూ మూసుకున్నారు. నక్క బుట్ట తాడు నోట కరుచుకుని, సింగారి చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. మూడోసారి తిరుగుతూ బుట్ట దించి, అందులోకి మూతి పెట్టి చేప తల లాగాడు.

“ఏమిటా కరకర?” అన్నాడు ఎద్దు కళ్ళు మూసుకునే.

“మంత్రం,” అన్నాడు నక్క.

సింగారి సన్నగా కళ్ళు తెరిచే ఉంది. దిష్టి తగిలిన తల. పదిరోజులుగా తను చూడ్డానికి కూడా భయపడిన తిండి. దాన్ని వాడు రెండుసార్లు నమిలి మింగి, మీసాలు తుడుచుకున్నాడు. వాడికి ఏమీ కాలేదు. పదిరోజుల కిందటికంటే నున్నగా ఉన్నాడు.

ఎద్దు కొమ్ముతో బుట్ట ఎత్తి నక్క వీపు మీద పెట్టాడు. తాడు మెడకు తగిలించాడు. నక్క కంచె వైపు ముందు నడిచాడు. వాడి వెనకాల, పాక గుంజను ఆనుకుని, సింగారి లేచింది. కాళ్ళు వణికాయి. నిలబడింది. నడిచింది.

నాలుగు చెట్లు దాటేసరికి వీపు మీద బరువు తగ్గినట్టు అనిపించింది నక్కకు.

“ఒరే ఎద్దూ, బుట్ట తేలికవుతోందేమిట్రా?”

“దిష్టి దిగుతోంది బాబాయ్.”

ఇంకో నాలుగు చెట్లు.

“ఎవరో నాకుతున్న చప్పుడు వస్తోందేమిట్రా?”

“మీ మంత్రం పని చేస్తోంది బాబాయ్. వెనక్కి మాత్రం చూడకండి. మీరే చెప్పారు.”

నక్క మెడ నరాలు లాగేశాయి. తిరిగి చూద్దామంటే నియమం తనదే. చూస్తే, అది ఉత్తుత్తి మాటని తనే చాటినట్టు. చూడకుండా పోదామంటే బుట్ట చెట్టుకింత తేలికవుతోంది. పళ్ళు బిగించి నడిచాడు. కంచె దగ్గరికి వచ్చి బుట్ట దించి చూస్తే అందులో నిమ్మాకు ఉంది. అదీ తడిగా ఉంది.

గిర్రున తిరిగాడు. ఎదురుగా సింగారి మూతికి పెరుగు.

“నువ్వు తిన్నావా!” అని అరిచాడు. “నీ పిల్లలకు తగులుతుందే!”

“పదిరోజులు నువ్వు తిన్నావు,” అంది సింగారి. “నీకేం తగిలింది?”

“అయ్యో బాబాయ్, వెనక్కి తిరిగారే!” అంది కోడి తడిక మీదనుంచి. “ఇప్పుడు తప్పకుండా ఏదో తగులుతుంది.”

తగిలింది. అది ఎద్దు కొమ్ము. నక్క ముళ్ళకంచె మీదుగా ఎగిరి అవతల పడ్డాడు. తోకలో సగం బొచ్చు కంచెకే ఉండిపోయింది.

సింగారి ఒక్క పూటలో కోలుకోలేదు. ఆకలి మీదుంది కదా అని అంతా ఒకేసారి పెట్టబోయాడు ఎద్దు. గేదె ఒప్పుకోలేదు. ఎండిన కడుపు ఒక్కసారిగా పట్టదంది. కొంచెం కొంచెంగా రోజుకు ఐదుసార్లు పెట్టారు. గుడ్డు చిదిపి అన్నంలో కలిపారు. నీళ్ళ మూకుడు పక్కనుంచి కదలనివ్వలేదు. కూనలకు కూడా పల్చగా గంజి నాకడం నేర్పింది గేదె. మధ్యాహ్నం ఆరింటినీ తన డొక్క పక్కన పడుకోబెట్టుకుని, “ఒక్క కునుకు తియ్యవే,” అనేది సింగారితో.

వారానికి పాలు తిరిగి పడ్డాయి. కడగొట్టుది చన్ను వదలకుండా తాగి, అక్కడే నిద్రపోయింది. గేదె ఆ రోజు గడ్డి కడుపునిండా మేసింది.

నెల తిరిగేసరికి కోడి మళ్ళీ సింగారి పక్కన చేరింది. “నాలుగు దాకా లెక్కపెట్టాను. మిగతావి కనిపించట్లేదు.”

“మంచిది,” అంది గేదె. “రెండు నెలలకు ఆ నాలుగు కూడా కనిపించకూడదు.”

నక్క ఒకసారి వచ్చాడు, దూరంగా, గాలి ఎటుందో చూసుకుంటూ. సింగారి లేచి ఒక్క అరుపు అరిచింది. కాపలా ఆవిడ పాకలోంచి తొంగిచూసేంత అరుపు. వాడు మూడు తోటల అవతలికి వెళ్ళి, అక్కడ మరో కంచె పక్కన నిలబడి దగ్గడం మొదలుపెట్టాడట. ఆ తోటలో కోళ్ళకు ఈ సంగతి ముందే తెలిసింది. వాడికి అక్కడ గంజి తేట కూడా దొరకలేదు.

పాలిచ్చే తల్లిని తినొద్దనేవాడు ఎదురైతే, వాడి మాట వినేముందు వాడి పొట్ట చూడాలి.