బొల్లక్క ఏరు దాటిన వైనం

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక ఏరు. ఏటికి ఇవతలి ఒడ్డున బొల్లక్క అనే మేక ఉండేది. బొల్లక్కకి కొమ్ములున్నాయి, గడ్డముంది, అందరికీ బుద్ధులు చెప్పే నోరుంది. లేనిదల్లా నీళ్లలో కాలు పెట్టే ధైర్యం. నాలుగు చినుకులు పడితే చాలు, నాలుగు కాళ్లూ ఒకే రాయి మీద పెట్టి నిలబడేది. ఇంకో అలవాటు కూడా ఉంది. భయం వేస్తే ఎదురుగా ఏముంటే అది కరకరా నమిలేసేది. నవ్వకండర్రా! పరీక్షలప్పుడు మీరు గోళ్లు కొరకరూ? ఇదీ అంతే.

ఒకరోజు ఏటి అవతలి నుంచి గోరింక కబురు తెచ్చింది.

"బొల్లక్కా! మీ చెల్లెలు చుక్కికి నెలలు నిండాయి. తొలి కాన్పాయె. పుట్టింటి నుంచి ఎవరైనా వస్తారా అని రోజూ ఏటి వైపే చూస్తోంది. అక్కడ అవిసె చెట్టు ఒక్కటీ లేదు. అవిసాకు తినకపోతే దానికి పాలు పడవు. త్వరగా బయల్దేరు!"

అమ్మ పోయాక చుక్కికి పుట్టిల్లంటే బొల్లక్కే మరి. గబగబా అవిసాకు కట్ట కట్టుకుని రేవుకి పరుగెత్తింది.

రేవులో మునకయ్య అనే నీటికుక్క పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే వెదురుబద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. నీళ్లు రాకుండా మునకయ్య దాని లోపల మోదుగాకులు పరిచి, తుమ్మజిగురుతో అంటించేవాడు.

"పడవ నడిపేవాడి పేరు మునకయ్యా! మీ అమ్మకి ఇంకో పేరు దొరకలేదూ?" అంది బొల్లక్క.

"దొరికిందక్కా. అది మా అన్నకి పెట్టింది. బుడుంగయ్య!" అన్నాడు మునకయ్య.

బొల్లక్క ఏటి వైపు చూసింది. నీళ్లు గలగలా పారుతున్నాయి. కరకర, కరకర! చూసుకునేసరికి కట్టలో ఈనెలే మిగిలాయి.

"అయ్యో, ఉత్త చేతులతో ఎలా వెళ్లను? రేపొస్తాలే" అని ఇంటిముఖం పట్టింది.

మర్నాడు ఇంకో కట్టతో వచ్చింది. పుట్టిలో ఒక కాలు పెట్టింది. పుట్టి ఊగింది. అంతే, ఒక్క గెంతు వెనక్కి గెంతింది. కరకర, కరకర! ఆ కట్టా అయిపోయింది.

"ఇవాళ రోజు బాగాలేదు" అంది.

"నిన్న ఆకు లేదన్నావు, ఇవాళ రోజు బాలేదంటున్నావు. రేపు ఏరే బాలేదంటావా ఏమిటి?" అన్నాడు మునకయ్య.

"నువ్వు మరీ ఎత్తిపొడవకు తమ్ముడూ!" అని మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

మూడోరోజు పొద్దున్నే గోరింక మళ్లీ వచ్చింది.

"చుక్కి ఈనింది. ఆడపిల్ల. చుక్క పాలు పడలేదు. ఆ పసిది అరిచే ఓపిక కూడా లేక సొమ్మసిల్లి పడుకుంది."

బొల్లక్కకి ఏడుపొచ్చింది. అంతకంటే సిగ్గేసింది. ఆ పసిదానికి పాలుగా మారాల్సిన రెండు కట్టలూ తన పొట్టలో ఉన్నాయి మరి! మూడో కట్ట తెచ్చి మునకయ్య ముందు పెట్టింది.

"తమ్ముడూ, దీన్ని నా నోటికి అందకుండా నా వీపుకి కట్టు. నేను బతిమాలినా విప్పకు."

మునకయ్య గట్టిగా కట్టాడు. బొల్లక్క కళ్లు మూసుకుని పుట్టి ఎక్కి, అడుగున ముడుచుకుని కూర్చుంది. పుట్టి కదిలింది. ఏటి మధ్యకి చేరింది.

"తమ్ముడూ, నా కాళ్లు తడుస్తున్నాయేమిటి?"

మునకయ్య వెనక్కి తిరిగి చూశాడు.

"అక్కా! ఏమిటి నువ్వు నమిలేది?"

"ఏమో నాయనా. మోదుగాకులా ఉంది. జిగురు కాస్త ఎక్కువైంది."

"ఓసి నీ దుంపతెగ! అది నా పుట్టి!"

చూస్తే అడుగున కొబ్బరికాయంత కన్నం! నీళ్లు బుడబుడా వచ్చేస్తున్నాయి.

"ఇటు ఎంత దూరమో అటూ అంతే. వెనక్కి తిప్పనా, ముందుకి పోనా? త్వరగా చెప్పు!" అని అరిచాడు మునకయ్య.

బొల్లక్క వెనక్కి చూసింది. తన పొడి రాయి కనిపించింది. ఎంత హాయిగా ఉందో! ముందుకి చూసింది. అవతలి ఒడ్డున చుక్కి మెడ చాచి నిలబడి ఉంది.

"ముందుకే పోనీ! ఈ కన్నం సంగతి నేను చూసుకుంటా" అంది. అని, ఆ కన్నం మీదే చతికిలబడింది!

"అమ్మో! చచ్చాన్రోయ్!" అని కేక పెట్టింది. అటూ ఇటూ చూసుకుంది. "చావలేదే!" అంది.

"ఎలా ఉందక్కా?"

"చల్లగా ఉంది."

"ఇంకా?"

"ఇంకేం లేదు తమ్ముడూ. చల్లగా ఉంది, అంతే. ఇన్నేళ్లూ దీనికా నేను భయపడి చచ్చింది!"

పుట్టి ఒడ్డుకి తగిలింది. వీపు మీద కట్ట ఒక్క ఆకైనా పోకుండా ఉంది.

"అక్కా! నువ్వేనా? నీళ్లు దాటి వచ్చావా?" అని చుక్కి వలవలా ఏడ్చింది.

"దాటడమేమిటే, నీళ్ల మీద కూర్చునే వచ్చా! ముందు ఆకు తిను" అంది బొల్లక్క.

సాయంత్రానికి చుక్కికి పాలు పడ్డాయి. పిల్ల తోకాడిస్తూ తాగింది. అది చూసి బొల్లక్క కడుపు నిండిపోయింది, ఆ పూట ఏమీ నమలకుండానే.

ఒక్క కట్ట ఎన్నాళ్లొస్తుంది? ఇంకా ఆకు తేవాలని మర్నాడు పొద్దున్నే రేవుకి వచ్చింది. మునకయ్య కన్నానికి మాసిక వేసి సిద్ధంగా ఉన్నాడు. చేతిలో మాత్రం తాళ్లతో అల్లిన చిక్కం ఉంది, దూడల మూతికి కట్టేలాంటిది.

"ఇదెందుకు తమ్ముడూ? నాకిప్పుడు భయం లేదుగా!"

"నీకు లేదక్కా. నాకుంది!" అన్నాడు మునకయ్య.

నీతి: భయం పోయాక బయల్దేరదామని కూర్చుంటే ఎన్నటికీ బయల్దేరలేం, బయల్దేరితేనే భయం పోతుంది.