సుంకులమ్మ వేసిన ఆకులు

వెనకటికి, ఇంకా వెనకటికి, మీ తాత తాతకు పేరైనా పెట్టని రోజుల్లో, రెండు వంకల నడుమ ఒక చిన్న ఊరు ఉండేది. దాని పేరు జంటవంకల. తూర్పున ఎర్రవంక, పడమర నల్లవంక. ఎండాకాలంలో రెండింట్లోనూ ఇసుకే. మేకలు కాలు తడవకుండా దాటేవి. వాన పడిందా, ఇక చూసుకోండి! ఊరికి రాకా లేదు, పోకా లేదు.

ఆ ఊళ్లో మూడు వీధులు. పైవీధిలో గింజల వ్యాపారులు. వాళ్ల గాదెల నిండా బియ్యం, కందిపప్పు. నడివీధిలో నూలుకు రంగు వేసేవాళ్లు. ఇంటింటా రంగు కాచే పెద్ద పొయ్యి, కొట్టం నిండా ఎండుకట్టెలు. కిందివీధిలో ఇత్తడి సామాను చేసే కంచర్లు. మనిషి లోపల కూర్చుంటే తల కనబడనంత గంగాళాలు చేసేవాళ్లు.

ఈ మూడు వీధులకూ మాటల్లేవు. ఎప్పుడో జాతరలో మొదటి తాంబూలం ఎవరికివ్వాలని తగువొచ్చింది. ఆనాటి నుంచి పైవీధి నీళ్లు నడివీధి తాగదు. నడివీధి నిప్పు కిందివీధి అడగదు. కిందివీధి పెళ్లికి పైవీధి పోదు.

మూడు వీధులకూ అవతల, సంత కొట్టాల పక్కన, గుడిసెలో సుంకులమ్మ ఉండేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. పొద్దున్నే గుట్టకు పోయి మోదుగాకు కోసుకొచ్చేది. ఆకు పక్కన ఆకు పెట్టి, సన్నటి పుల్లలు గుచ్చి, విస్తర్లు కుట్టేది. మూడు వీధుల పెళ్లిళ్లలోనూ ఆమె విస్తర్లే. ఆమెను మాత్రం ఎవరూ బంతిలో కూర్చోమనేవాళ్లు కాదు.

"ఆకులు గుమ్మం దగ్గర పెట్టి పో, సుంకీ" అనేవాళ్లు. పెట్టి వచ్చేది.

ఒక సంత రోజు. మిట్టమధ్యాహ్నం. బేరాలు జోరుగా సాగుతున్నాయి. ఒక పెళ్లివారి బండ్లు కూడా ఊరి మీదుగా పోతూ ఎడ్లకు నీళ్లు పెట్టడానికి ఆగాయి. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడింది. వాన! అట్లాంటిట్లాంటి వాన కాదు, కుండలతో కుమ్మరించిన వాన! ఎర్రవంక పొంగింది. నల్లవంక పొంగింది. ఎటుపోయేవాళ్లు అటు పోలేక, సంత జనమంతా, పెళ్లి జనమంతా కొట్టాల కిందికి పరుగెత్తుకొచ్చారు. ముసలాళ్లు, చంటిబిడ్డలు, పసుపు బట్టల్లో వణుకుతున్న పెళ్లికూతురు. తెచ్చుకున్న సద్దిమూటలు నీళ్లపాలయ్యాయి.

పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఒక బిడ్డ ఏడిస్తే ఇంకో బిడ్డ. ఆ బిడ్డను చూసి ఇంకో బిడ్డ. సుంకులమ్మ చెవులు మూసుకుంది. చెవులు మూసుకున్నా వినబడుతోంది. నెత్తిన గోనెపట్ట కప్పుకుని బయల్దేరింది.

పైవీధి పెద్ద గురవయ్య అరుగు ముందు నిలబడింది. "అయ్యా, కొట్టాల్లో జనం ఆకలితో ఉన్నారు."

"బియ్యం కావాలంటే బస్తాలున్నాయే సుంకీ. కట్టెలన్నీ తడిసిపోయాయి. నడివీధిని అడగమంటావా? నా గొంతు కోసినా అడగను."

నడివీధి పెద్దమ్మ లచ్చుమక్క ఇంటి గడప ముందు నిలబడింది. "అక్కా, కొట్టాల్లో జనం ఆకలితో ఉన్నారు."

"కట్టెలున్నాయి, పొయ్యిలున్నాయి. అంతమందికి వండే గిన్నె ఏదే? కిందివీధి గడప నేను తొక్కను."

కిందివీధి పెద్ద బసవాచారి కొలిమి దగ్గర నిలబడింది. "సామీ, కొట్టాల్లో జనం ఆకలితో ఉన్నారు."

"గంగాళాలున్నాయమ్మా. వాటిలో ఏం పొయ్యను, వాననీళ్లా? పైవీధిని గింజలడిగే ఖర్మ నాకు పట్టలేదు."

సుంకులమ్మ ఒళ్లు మండిపోయింది. గింజలున్నాయి, నిప్పుంది, గిన్నెలున్నాయి. అన్నం మాత్రం లేదు! ఇదేం ఊరు తల్లీ అనుకుంటూ గుడిసెకు వచ్చింది. చూరు కింద కట్టలు కట్టలుగా విస్తర్లు వేలాడుతున్నాయి. రాబోయే పెళ్లిళ్ల కోసం నెలల తరబడి కుట్టినవి. వాటికేసి చూసింది. చూసి, కొంగు నడుముకు బిగించి, కట్టలన్నీ కిందికి లాగింది.

కొట్టాల్లోకి వెళ్లి గట్టిగా అరిచింది. "లేవండి, లేవండి! వరసన కూర్చోండి! వడ్డన వస్తోంది!"

జనం కళ్లు మెరిశాయి. సుంకులమ్మ వంగి ఆకులు వేసుకుంటూ పోయింది. ఒక కొట్టం నిండింది. రెండో కొట్టం నిండింది. మూడో కొట్టమూ నిండింది. అందరూ ఆకుల మీద నీళ్లు చిలకరించుకుని కూర్చున్నారు.

పెళ్లికూతురి తాత గాలి పీల్చి చూశాడు. "వాసన రావడం లేదేంటమ్మా?"

"వాన అడ్డమొచ్చింది తాతా" అంది సుంకులమ్మ. అనేసి గబగబా కొట్టం బయటికి వచ్చింది. ఇదేం పని చేశాను? ఆకు ముందు కూర్చున్న మనిషిని ఉత్త కడుపుతో లేపితే ఊరికే అరిష్టమంటారే! అన్నం రాకపోతే నన్ను బతకనిస్తారా?

ఒకటే పరుగు! జారింది, లేచింది, మళ్లీ పరుగు!

"ఆకు పడింది! జనం కూర్చున్నారు!" అని పైవీధిలో కేక పెట్టింది. గురవయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఎవరు వెయ్యమన్నారే?"

"ఆకు పడింది! జనం కూర్చున్నారు!" అని నడివీధిలో కేక పెట్టింది. లచ్చుమక్క నోరు నొక్కుకుంది. "అయ్యో, పెళ్లికూతురు కూడానా?"

"ఆకు పడింది! జనం కూర్చున్నారు!" అని కిందివీధిలో కేక పెట్టింది. బసవాచారి సుత్తి కింద పడేశాడు. "లెయ్యండ్రా! పరువు పోతుంది!"

ఇంక చూడాలి ఆ సంబరం! పైవీధి నుంచి గొంగళ్లు కప్పిన బస్తాలు. నడివీధి నుంచి చాపల్లో చుట్టిన కట్టెలు. కిందివీధి నుంచి డంగు డంగుమని దొర్లుతూ గంగాళాలు. మూడు దారులూ సంత దగ్గర కలిశాయి. ముగ్గురు పెద్దలూ ఎదురుపడ్డారు. అందరి కాళ్లూ ఆగిపోయాయి.

ఎవరు ముందు పలకాలి? ఎవరు ముందు ఇవ్వాలి? గురవయ్య మీసం దువ్వాడు. లచ్చుమక్క మొహం తిప్పుకుంది. బసవాచారి దగ్గాడు.

సుంకులమ్మ నడుమకు వచ్చి నిలబడింది. ఊపిరందడం లేదు. "దండం పెడతాను. మీ తగువు ఎక్కడికీ పోదు, రేపు పడండి. ఆకులు నావి, నేను వేశాను. ఆకు ముందు కూర్చున్నోళ్లు మాత్రం మనూరికి వచ్చినోళ్లు."

సరిగ్గా అప్పుడే కొట్టంలో పిల్లలు ఖాళీ ఆకుల మీద చేతులతో చరుస్తూ "అన్నం! అన్నం!" అని మొదలుపెట్టారు.

గురవయ్యకు నవ్వాగలేదు. బస్తా మూతి విప్పి బియ్యం గంగాళంలోకి దిమ్మరించాడు. లచ్చుమక్క కొట్టం వారన రాళ్లు పేర్చి, వంగి పొయ్యి ఊదింది. బసవాచారి గరిటె పట్టాడు. పప్పు ఉడికింది, చారు కాగింది, ఇళ్లలోంచి ఊరగాయ జాడీలు పరుగెత్తుకొచ్చాయి. పొద్దు వాలకముందే ప్రతి ఆకులోనూ పొగలు కక్కే అన్నం పడింది. ఏ వీధివాళ్లు ఎవరికి వడ్డించారో ఎవరూ చూసుకోలేదు.

జనం తిన్నాక ఊరివాళ్లు బంతి కూర్చున్నారు. "సుంకులమ్మా, రా, మా మధ్య కూర్చో" అని ముగ్గురూ పిలిచారు. కూర్చుంటే ఆమెకు ఆకు లేదు! అన్నీ అయిపోయాయి. లచ్చుమక్క గుడిసెలో కుట్టకుండా మిగిలిన నాలుగాకులు ఏరి, నీలిరంగు అంటిన వేళ్లతో తానే కుట్టింది. వంకరటింకర విస్తరి. చారు పోస్తే చారంతా కారి సుంకులమ్మ ఒళ్లో పడింది. సుంకులమ్మ పకపకా నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వితే ఎలా ఉంటుందో ఊరు చూడటం అదే మొదలు.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. గుట్టకు పోతూనే ఉంది, కుడుతూనే ఉంది. ప్రతి పెళ్లిలోనూ బంతిలో కూర్చుంది. ఒక చలికాలం పొద్దున ఒళ్లో ఆకులు పెట్టుకునే కన్నుమూసింది. నా వాళ్లనేవాళ్లు లేని మనిషి. మూడు వీధులూ కలిసి మోశాయి. దినం రోజున మూడు వీధులూ ఒకే పొయ్యి మీద వండాయి.

ఇప్పటికీ ఏటా వంకలు పొంగిన మొదటి రోజున ఆ ఊళ్లో ఎవరింటా పొయ్యి వెలగదు. సంత కొట్టాల దగ్గర ఒకటే పొయ్యి, ఒకటే బంతి. అంతే కాదు. వేళగాని వేళ ఎవరింటికి చుట్టం వచ్చినా "ఉండండి, వండుతాం" అనరు. ముందు ఆకు వేసి కూర్చోబెడతారు. తర్వాత వీధిలోకి వచ్చి "ఆకు పడింది!" అని కేకేస్తారు. ఒక ఇంటి నుంచి అన్నం, ఒక ఇంటి నుంచి పప్పు, ఒక ఇంటి నుంచి మజ్జిగ ఉరుకులు పరుగుల మీద వచ్చేస్తాయి. కొత్త కోడలు కాపురానికి రాగానే అత్త ఆమెను గడపలో నిలబెట్టి ఆ కేక గట్టిగా వేయించి చూస్తుంది.

మీరెప్పుడైనా జంటవంకల పోతే, సద్ది కట్టుకుని పోకండి. ఆకలితో పోండి.