ఉల్లిపాయ గదిలో అక్కాచెల్లెళ్ళు

ఒకప్పుడు ఉల్లిపాయని జామకాయలా కొరుక్కు తినేవాళ్ళు. నిజంగానే! ఘాటు లేదు, మంట లేదు, కళ్ళనీళ్ళు లేవు. కొరికితే తియ్యటి నీళ్ళూరేవి. ఏంట్రా ఆ నవ్వు? నవ్వండి నవ్వండి. ఆ తీపే దాని కొంప ముంచింది.

ఎందుకంటే ఆ తీపి సంగతి పందికొక్కుకి తెలిసిపోయింది.

పందికొక్కుని ఎప్పుడైనా చూశారా? దాన్ని చూస్తే పిల్లి కూడా పక్కకి తప్పుకుంటుంది. బొరియ తవ్వుకుంటూ వచ్చి ఉల్లిచేను కింద చేరేది. పైన ఆకులు పచ్చగానే ఉండేవి. కింద వరసకి వరస ఖాళీ అయిపోయేది.

ఇప్పుడు ఉల్లిపాయ లోపలికి వెళ్దాం, పదండి. అది ఒక్కటే ముద్ద అనుకుంటున్నారేమో, కాదు. ఇటుకలు పేర్చినట్టు లోపలంతా గదులే గదులు. మీ సైన్సు టీచరమ్మ వాటిని కణాలంటుంది. కంటికి ఆనవు గానీ ఒక్కో గదీ ఒక్కో ఇల్లు. చుట్టూ గట్టి గోడ. గోడ లోపల పల్చటి పొర, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని పోనివ్వాలో అదే చూసుకుంటుంది. అక్కడక్కడా చిన్న చిన్న పొయ్యిలు, ఇంటి సత్తువంతా వాటిదే. ఇక గదిలో సగం పైగా ఆక్రమించుకుని పెద్ద నీళ్ళ తొట్టి. ఇంటికి పెద్ద కేంద్రకం అమ్మమ్మ. ఏ పని ఎలా చెయ్యాలో రాసిన పుస్తకం ఎప్పుడూ ఆవిడ ఒళ్ళోనే ఉంటుంది. గదికీ గదికీ మధ్య గోడలో సన్నటి కిటికీలుంటాయి. కబుర్లన్నీ వాటిలోంచే.

ప్రతి గదిలోనూ ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు. మన కథ ఒక్క గదిలోది. అది పాయకి పై అంచునే ఉంది. అందులో అక్క పేరు గంధమ్మ, చెల్లెలి పేరు చురకమ్మ. చురకమ్మ ఉత్త పిరికిది. ఏ చప్పుడైనా సరే, ఒక్క పరుగున వచ్చి అక్క చెయ్యి పట్టుకునేది. పట్టుకున్నాక గానీ దాని వణుకు తగ్గేది కాదు.

ఒకరోజు ఆ చప్పుడు రానే వచ్చింది.

కర్... కర్... కర్...

"గంధమ్మా!" పక్క గదిలోంచి నూకాలు కిటికీ దగ్గరకొచ్చి పిలిచింది. "విన్నావా? పక్క వరసలోకి వచ్చిందట. ఒక్క గదీ మిగల్లేదట!"

"మన దగ్గరకొస్తుందా అక్కా?"

"రాదులేవే" అంది గంధమ్మ. దానికీ భయంగానే ఉంది, పైకి చెప్పలేదంతే.

ఆ ఉల్లిపాయలో వాళ్ళంతా కలిసి ఏం చేశారనుకున్నారు? పొర మీద పొర కప్పుకున్నారు. భయమేసినప్పుడు మీరు ముసుగు తన్ని పడుకుంటారే, అలాగ! దాని మీద ఇంకో పొర, అందరికన్నా పైన ఎర్రటి ఎండు పొట్టు. పక్క పాయ వాళ్ళూ అదే పని చేశారు. పందికొక్కు ఆ పొరలన్నీ పరపరా చింపేసి, లోపల ఉన్నదంతా తినేసింది.

ఆ కబురు విన్నాక గంధమ్మ అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. "అమ్మమ్మా, నీ పుస్తకంలో ఏదో ఒక దారి ఉండే ఉంటుంది. చూడవూ!"

అమ్మమ్మ పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. గబుక్కున పుస్తకం మూసేసింది.

"ఉంది. వద్దులే తల్లీ."

"చెప్పమ్మమ్మా."

"మీ ఇద్దర్నీ మార్చెయ్యాలి. ఆ తరవాత మీరు ఒకళ్ళనొకళ్ళు తాకితే ఆవిరి పుడుతుంది. అది తగిలిన కళ్ళు నిప్పుల్లా మండుతాయి. అందుకని మీరు ఒక్కచోట ఉండకూడదు. చిన్నది తొట్టిలోకి పోవాలి. మధ్యలో తెర కడతాను. ఈ గోడ కూలిన రోజే ఆ తెర చిరగాలి."

"అంటే మేం మళ్ళీ కలిసేది ఇల్లు కూలినప్పుడేనా?"

"అప్పుడే. తొందరపడి ముందే తాకారా, ఆవిరి ఊరికే పోతుంది. ఇల్లూ పోతుంది. ఆ రాక్షసి తీరిగ్గా వచ్చి మిగతా అందర్నీ తింటుంది."

చురకమ్మ భోరుమంది. "నాకు భయమేస్తే ఎవరి చెయ్యి పట్టుకోనక్కా?"

గంధమ్మ పాయ నడిమధ్యలోకి చూపించింది. అక్కడ మొలక ఉంది. అక్కడి గదులన్నీ పసివి, నిన్నో మొన్నో ఒకటి రెండైనవి, రెండు నాలుగైనవి. వాటికింకా గోడలు కూడా గట్టిపడలేదు.

చురకమ్మ ఆ పసిగదుల వైపు చూసింది. అక్క చెయ్యి వదిలేసి తొట్టిలోకి దిగింది. అమ్మమ్మ ఇద్దర్నీ మార్చేసి, మధ్యలో తెర కట్టేసింది. ప్రతి గదిలో అమ్మమ్మ దగ్గరా అదే పుస్తకం ఉంది కదా, అందరూ అదే పేజీ తీశారు. ఆ రోజు పాయ నిండా ఏడుపులే.

కర్... కర్...

మట్టి రాలింది. గోడకి అవతల వెచ్చటి ఊపిరి తగిలింది. పొట్టు మీద మీసాలు రాసుకుంటున్నాయి.

"అక్కా! తెర తీసేస్తాను. ఒక్కసారి. ఒక్క వేలు ముట్టుకుంటానంతే!"

"వద్దే! నీకు దణ్ణం పెడతాను, తాకకు!"

"భయమేస్తోందక్కా!"

"నాకూ భయంగానే ఉందే. నేనిక్కడే ఉన్నాను, తెరకి ఇవతలే. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

చురకమ్మ "అక్కా... అక్కా... అక్కా..." అంటూ ఉండిపోయింది. ప్రతిసారీ గంధమ్మ "ఆఁ... ఆఁ..." అంటూనే ఉంది.

పళ్ళు దిగాయి.

గోడ ఫెళ్ళున విరిగింది. తొట్టి పగిలింది. తెర చిరిగింది. నీళ్ళతోపాటు చురకమ్మ కొట్టుకొచ్చి చెయ్యి చాపింది. అక్క చెయ్యి దొరికింది.

అంతే, గుప్పున ఆవిరి లేచింది! "ఓలమ్మో! నా కళ్ళో!" అని పందికొక్కు గిలగిల్లాడిపోయింది. కళ్ళు కనపడక, ముక్కు మట్టిగోడలకి కొట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, వచ్చిన బొరియలోనే పరుగో పరుగు. మళ్ళీ ఆ చేను వైపు రాలేదు.

"గంధమ్మా! పోయిందే, పోయింది!" నూకాలు కిటికీలోంచి అరిచింది. "గంధమ్మా? ఒసేయ్ చురకమ్మా?"

కిటికీకి అవతల గదే లేదు. నూకాలు ఆ కిటికీ మూసేసి, దానికి ఆనుకుని కూర్చుండిపోయింది. నడిమధ్యలో పసిగదులకి ఇవేమీ తెలియలేదు. ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పెరుగుతూనే ఉన్నాయి.

ఇప్పటి ఉల్లిపాయలన్నీ ఆ మొలక పిల్లలే, కావాలంటే ఇంటికెళ్ళి చూడండి. కొయ్యని ఉల్లిపాయని కంటి దగ్గర పెట్టుకుంటే ఏమీ కాదు. లోపల అక్కలంతా ఇటు, చెల్లెళ్ళంతా అటు, తెర ముట్టుకోకుండా కూర్చుని ఉంటారు. అదే కత్తిపీట మీద పెట్టి కోశారా, గదులు కూలతాయి, వాళ్ళు చేతులు పట్టుకుంటారు. మీ అమ్మ కళ్ళు తుడుచుకుంటుంది. అప్పుడు మాత్రం పళ్ళికిలించారో, ఊరుకోను!

అప్పటినుంచే, ఎంత రాతిగుండె మనిషైనా సరే, ఉల్లిపాయ కోస్తే చాలు, ఆ ఇద్దరి కోసం కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు.