ఏడేళ్లు కాపాడిన శాలువా

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరేయ్ సుబ్బన్నా, ఆ ఎండలో ఎందుకురా, లోపలికి రా.

ఒక ఊళ్లో దస్తగిరి తాత అని ఒక ఫకీరు ఉండేవాడు. ఆయన శిష్యుడు ఫకృద్దీన్‌కు ఒకటే గర్వం. తాతకు గురువైనాయన కప్పుకున్న శాలువాను ఏడేళ్లుగా పురుగు ముట్టకుండా కాపాడుతున్నాడు. అది ఉన్న ట్రంకుపెట్టెలో దోసిళ్లతో కలరా ఉండలు పోసేవాడు.

ఆ ఊరి సుంకులమ్మ కోడలు నాగవేణికి మగబిడ్డ పుట్టాడు. మొదటి బిడ్డ ఐదోనాడే ఒళ్లంతా పసుపెక్కి చనిపోయాడు. వీడైనా దక్కాలని సుంకులమ్మ వచ్చి ఏడిస్తే, ఫకృద్దీన్ గురువును అడక్కుండానే పెట్టె తెరిచాడు.

"ఈ శాలువా చుట్టి పడుకోబెట్టు అవ్వా. ఏ గాలీ సోకదు."

మూడోనాడు పొద్దున్నే అత్తాకోడళ్లు పరుగున వచ్చారు. శాలువాలో బిడ్డ. కళ్లు కూడా పసుపే. పాలు తాగడం లేదు, ఏడవడానికి ఓపిక లేదు.

"దీని కడుపున పడిందేదీ నిలవదు తాతా!" అని సుంకులమ్మ గుండెలు బాదుకుంది. నాగవేణి తల ఎత్తలేదు.

"అవ్వ మాట నిజమే తాతా," అన్నాడు ఫకృద్దీన్. "దోషం ఈమె రక్తంలోనే ఉంది. లేకుంటే శాలువా పని చేయకపోతుందా?"

తాత బిడ్డను అందుకున్నాడు. శాలువాలోంచి కలరా ఉండల వాసన ముక్కుకు తగిలింది. ఆయన ముఖం పాలిపోయింది. శాలువా లాగిపారేసి, దండెం మీద ఆరిన తన పంచె బిడ్డకు చుట్టాడు.

"అమ్మా, మీ పుట్టింట్లో ఎవరికైనా ఇట్లా పసుపెక్కిందా?"

"మా అన్నకు తాతా. మలేరియా బిళ్లలు మింగితే కళ్లు పసుపెక్కినాయి. ఒంటేలు డికాషన్ మాదిరి వచ్చింది."

"కొందరి రక్తం అంతేనమ్మా, పుట్టుకతోనే. కొన్ని మందులు పడవు, ఈ ఉండల వాసన పడదు. అమ్మ నుంచి బిడ్డకొస్తుంది. అది నీ తప్పు కాదు. ఆటో ఎక్కండి. పెద్దాసుపత్రిలో మీ అన్న సంగతీ, ఈ వాసన సంగతీ రెండూ చెప్పండి. ఎక్కడా ఆగొద్దు."

సుంకులమ్మ మాత్రం గడపలోనే నిలబడిపోయింది.

"పెద్దోణ్ణి..." అంది ఆమె. "పెద్దోణ్ణి మా ఇంటాయన పంచెలో చుట్టినాను. ఉండలేసిన పెట్టెలోంచి. నేనే తీసినాను."



"రా అత్తా," అని నాగవేణే ఆమె చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో బిడ్డకు రక్తం మార్చారు. పసుపు దిగడానికి ఐదు రోజులు నీలం దీపాల కింద ఉంచారు. బతికాడు.

ఆ కబురు వచ్చేదాకా ఫకృద్దీన్ అన్నం సరిగా ముట్టలేదు. వచ్చాక గురువు ముందు కూర్చుని మెల్లగా అడిగాడు.

"తప్పు రక్తానిదా తాతా, నాదా?"

తాత శాలువా తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు.

"రక్తం వాడికి అమ్మమ్మలిచ్చారు. ఇది నువ్విచ్చావు. రెంటిలో నువ్వు వెనక్కి తీసుకోగలిగిందేది?"

 ఫకృద్దీన్ లేచి పెట్టెను వాకిట్లోకి మోసుకెళ్లి బోర్లించాడు. ఉండలన్నీ ఏరి గొయ్యి తీసి పూడ్చాడు. చేతులు కడుక్కుని, బాలింతలున్న ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో అడుగుతూ, ఈ ఉండల సంగతి వాళ్లకు చెప్పడానికి ఊళ్లోకి బయల్దేరాడు.

ఇక లేవండి. ఇంట్లో సంగటి చల్లారిపోతుంది, పోయి తినండి.