నాలుగు గంటల నీడ

రాజమండ్రిలో సాహితి అనే అమ్మాయి తోటలు తీర్చిదిద్దే పని నేర్చుకుంటూ ఉండేది కానీ, ఆమెకు ఒక్క చోట కాలు నిలిచేది కాదు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేది. విత్తనం నాటిన మర్నాడే మట్టి తీసి చూసేది. బొమ్మ గీయడంలో మాత్రం ఆమెకు సాటి లేరు. కాగితం మీద ఆమె తోటను చూస్తే ఎవరికైనా వెళ్ళి కూర్చోవాలనిపించేది. తను మాత్రం ఏ తోటలోనూ పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు.

ఆమెకు పని నేర్పే వీర్రాజు గారు ముప్పై ఏళ్ళు కడియం నర్సరీల్లో మొక్కల మధ్య గడిపిన మనిషి. ఒక రోజు ఆయన ఆమెను పక్షవాతం వచ్చినవారికి నడక నేర్పే ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళి, తూర్పు వైపు పెరడు చూపించారు.

"ఇది నీ మొదటి తోటమ్మా. ఇందులో నేను వేలు పెట్టను. రోగులు సాయంత్రం నాలుగింటికి ఇక్కడ నడుస్తారు. అందుకని ముందు నీడ సంగతి తెల్సుకోవాల. రేపు పొద్దున్నుంచీ ఇక్కడే కుర్చీ ఏసుకుని కూకో. గంట గంటకీ నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి, అక్కడ ముగ్గుతో గీత గియ్యి," అన్నారు.

"రోజంతానా అండీ?"

"రోజంతానే. అన్నానిక్కూడా లేవకు. క్యారేజీ తెచ్చుకో."

ఆ ఆసుపత్రిలో మాణిక్యాంబ టీచరు ఉండేవారు. కుడివైపు చచ్చుబడి ఏడు నెలలైంది. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని నాలుగు గోడల మధ్య నడిచి నడిచి ఆవిడ విసిగిపోయారు. "తోటలో మొదటి అడుగు నాదేనమ్మా. ఆకాశం కింద పది అడుగులేస్తే చాలు నాకు," అని సాహితి చెయ్యి పట్టుకున్నారు.

మర్నాడు సాహితి ప్రహరీ నీడ చూసి తొమ్మిది గంటల గీత గీసింది, పది గంటల గీత గీసింది. పదకొండు కాకముందే కాలుగాలిన పిల్లిలా పెరడంతా తిరగసాగింది. 'సూర్యుడు పడమటికి పోతాడు, ఆసుపత్రి భవనం నీడ తూర్పున పడుతుంది. ఇందులో కూర్చుని చూసేదేముంది?' అనుకుంది. సాయంత్రం దాకా వేయవలసిన గీతలన్నీ ఊహించి, ఒక్క ఊపున గీసేసి, మొక్కలు ఎంచడానికి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

వీర్రాజు గారు మర్నాడు ఆ గీతలు చూసి, "కూకున్నావే! నీ వల్ల కాదనుకున్నాను," అని మెచ్చుకున్నారు. సాహితికి సిగ్గేసింది. అయినా నిజం చెప్పలేదు.

ఆ గీతల ప్రకారం నాలుగింటికి పెరడంతా నీడే. అందుకని నీడలో పెరిగే ఫెర్నులు నాటించింది. బాటకు రెండు వైపులా మెరిసే స్టీలు కమ్మీలు పెట్టించింది. పనిలోకి వచ్చే నూకాలు ఒక రోజు, "అమ్మాయిగారూ, మూడున్నర దాటితే ఇక్కడ కళ్ళు బైర్లు కమ్ముతున్నాయండి. ఓపాలి నిలబడి చూడండి," అంది.

సాహితి మొక్కల వైపు తిరిగిపోయింది. ఇప్పుడు చూస్తే అప్పుడు చూడలేదని తేలిపోతుంది. "నేను రోజంతా కూర్చుని చూశానులే," అంది. ఇక ఆ తర్వాత మూడు కాగానే ఆమెకు ఎక్కడో ఒక పని గుర్తొచ్చేది. ఫెర్నుల అంచులు మాడుతున్నా ఆ ఆకులు గిల్లి పారేసిందే తప్ప కారణం వెతకలేదు.

ఫాల్గుణ మాసంలో తోట తెరిచారు. నాలుగింటికి మాణిక్యాంబ టీచరు చక్రాల కుర్చీలోంచి లేచి కమ్మీ పట్టుకున్నారు. తరగతిలో లెక్క చెప్పినట్టు "ఒకటి, రెండు" అంటూ అడుగులు వేశారు. ఐదో అడుగుకి "అమ్మా!" అని చెయ్యి వదిలేసి పక్కకి పడిపోయారు. రోడ్డు అవతలి నాలుగంతస్తుల బట్టల కొట్టుకి ముందంతా అద్దాలే. పడమటి ఎండ ఆ అద్దాల మీద పడి, తిరిగి సరిగ్గా ఆ చోటే కొడుతోంది. కమ్మీ కాలిపోతోంది.

టీచరు మోచెయ్యి చెక్కుకుపోయింది, అరచెయ్యి ఎర్రగా కందింది. "నేనింక బయటికి రాను," అన్నారు.

"ఆ కొట్టువాళ్ళ అద్దాల వల్లేనండీ," అంది సాహితి, వీర్రాజు గారితో.

"ఆ మేడ కట్టి మూడేళ్ళయింది. నువ్వు నాలుగింటి గీత గీసినప్పుడు అది అక్కడ లేదా?"

సాహితి తల వంచుకుంది. "గీత గీశాను. చూళ్ళేదండీ."

"మరి నూకాలు చెప్పినప్పుడో?"

"అప్పుడు చూస్తే నా అబద్ధం బయటపడుతుందని భయమేసింది."

వీర్రాజు గారు ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటేనే ఆమెకు కాస్త తేలికయ్యేది. మర్నాడు సాహితి కుర్చీ వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పెరట్లో కూర్చుంది. కాళ్ళు పీకాయి, లేచిపోవాలని ప్రాణం కొట్టుకుంది. అయినా లేవలేదు. ఆ తర్వాత స్టీలు తీయించి కర్ర కమ్మీలు పెట్టించింది. రోడ్డు వైపు ఎత్తుగా వెదురు తడిక కట్టించి, దాని మీదికి రాధామనోహరం తీగ పాకించింది. అప్పుడు టీచరు దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"పడ్డందుకు కాదమ్మా బాధ. మళ్ళీ చెయ్యి చాపాలంటే భయమేస్తోంది," అన్నారు టీచరు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం నాలుగింటికి ఆవిడ చక్రాల కుర్చీలో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. ఐదో అడుగు పడే చోట సాహితి కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి పట్టుకున్నావే?"

"రెండింటి నుంచి టీచర్."

టీచరు ఆమెను దగ్గరికి పిలిచి, ఆమె అరచెయ్యి తెరిచి చూశారు. ఎక్కడా కందలేదని వేలితో తడిమి చూసుకున్నారు. తర్వాత లేచి నిలబడ్డారు. ఆ రోజు ఆరడుగులు వేశారు. ఏడో అడుగుకి ధైర్యం చాలలేదు.

ఓపికగా చూడవలసినదాన్ని ఊహించి సరిపెట్టుకుంటే, ఆ దెబ్బ మనకంటే ముందు మనల్ని నమ్మినవారికి తగులుతుంది.